తల ఊపిన పాపానికి

చంద్రాపూర్‌లో ఇంగ్లీషు చెప్పే టీచర్లకు కొదవ లేదు. ఇంగ్లీషు చెప్పడానికి కొరియా దాకా పోయి వచ్చినదాన్ని మాత్రం మా బాబుపేట్‌లో నేనొక్కదాన్నే. అందుకని పెళ్ళిళ్ళలో, తొట్టెల ఫంక్షన్లలో, ఆఖరికి గ్యాస్ సిలిండర్ల లైన్లో కూడా నన్ను ఆపి రెండే ప్రశ్నలు అడుగుతారు. మొదటిది, అక్కడ పాముల్ని తింటారట కదా అని. రెండోది, అంతమంది తెల్లవాళ్ళుండగా ఇంగ్లీషుకు నిన్నెట్లా పెట్టుకున్నారని. మొదటిదానికి, తిన్నాను, కోడికూర కంటే రుచిగా ఉంటుంది అని అబద్ధం చెప్పి వాళ్ళ మొహాలు చూసి ఆనందిస్తాను. రెండోదానికి నిజమైన జవాబు చెప్పాలంటే ఒక పూట పడుతుంది. లైన్లో నిలబడి చెప్పే సంగతి కాదది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మా బాపు, అంటే నాన్న, పెద్దపల్లి దిక్కు నుంచి బొగ్గుగనిలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ మాట్లాడుతూ పెరిగాను. ఇంగ్లీషు మా గల్లీలో ఎవరింట్లోనూ లేదు. దాన్ని పుస్తకాల్లోంచి, తిట్లు తిని, బట్టీ పట్టి, మొండికేసి సంపాదించుకున్నాను. ఇంగ్లీషులో ఎమ్మే, ఆపైన బీఎడ్ చేసి ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో చెబుతుండగా, మన దేశానికీ కొరియాకూ ఉన్న ఒప్పందం కింద అక్కడి సర్కారు బడుల్లో మనవాళ్ళను ఇంగ్లీషుకు సహాయక టీచర్లుగా తీసుకుంటారని తెలిసింది. తగిలితే తగులుతుందని దరఖాస్తు పెట్టాను. తగిలింది. మా గల్లీ గణపతి మండలి కుర్రాళ్ళు చౌక్‌లో నా ఫొటోతో ఇంత పెద్ద ఫ్లెక్సీ కట్టారు. 'హార్దిక్ అభినందన్' అని మరాఠీలో రాసి, నా మొహానికి ఒకవైపు విమానం, మరోవైపు ఏ దేశానిదో తెలియని ఒక బురుజు పెట్టారు. ఇక్కడ ఎండలు మొదలవుతున్న రోజుల్లో బయల్దేరి, కొండల మధ్య మంచు కురుస్తున్న ఒక చిన్న ఊళ్ళో దిగాను.

ఆ ఊరు నన్ను బాగా చూసుకుంది. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత నేను చెప్పబోయేది విని ఎవరూ వాళ్ళను తప్పుపట్టకూడదు. నేను చేరేసరికి నా గది ఊడ్చి, నేల కింద వెచ్చదనం పెట్టి ఉంచారు. ఫ్రిజ్‌లో గుడ్లు, పాలు, ఒక సంచి బియ్యం ఉన్నాయి. ఇదంతా చేసింది నాతో కలిసి పాఠం చెప్పవలసిన కొరియన్ టీచరు. యాభై దగ్గరి మనిషి, పొట్టి జుట్టు, భుజాన ఎప్పుడూ ఒక గుడ్డ సంచి. బ్యాంకు ఖాతా తెరిపించింది. ఫోను ఇప్పించింది. చెత్తను ఎన్ని రకాలుగా విడదీయాలో, ఏ రకం ఏ సంచిలో వేయాలో ఒక సాయంత్రమంతా నేర్పింది. మా ఊళ్ళో మున్సిపాలిటీ వాళ్ళు తడి, పొడి అని రెండే అంటే మేం గొణుక్కుంటాం. అక్కడ గుడ్డు పెంకు ఎందులో వేయాలో తెలియక నేను ఆమ్లెట్టే మానేశాను.

ఒక్కటే నాకు అర్థం కాలేదు. ఆమె ఇంగ్లీషు టీచరు. ఏళ్ళ తరబడి చెబుతున్న మనిషి. నాతో మాత్రం ఇంగ్లీషులో మాట్లాడదు. ఏదైనా చెప్పాలంటే ఫోన్లో కొరియన్‌లో రాసి, అది ఇంగ్లీషులోకి మార్చింది చూపిస్తుంది. నేను వచ్చిన మొదటి వారంలో ఒక్కసారి, పిల్లల ముందు, ఈ కొండల్లో వసంతం ఆలస్యంగా వస్తుంది అని ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పింది. ఎంత చక్కగా చెప్పిందో అనుకుంటూ నేను తల ఊపాను. ఆ తర్వాత క్లాసులో ఆమె నోట ఇంగ్లీషు వినలేదు. నేను చెప్పింది కొరియన్‌లో వివరించి పక్కకు జరిగేది. నేనంటే కిట్టదేమో అనుకున్నాను. ముందు అక్కడ కెనడా నుంచి వచ్చిన టీచరు ఉండేదట. ఆమె కుర్చీలో నల్లగా, బక్కగా, జడ వేసుకుని నేను వచ్చి కూర్చుంటే నచ్చదు కాబోలు అని నాకు నేనే కథ అల్లుకున్నాను.

పిల్లలు ఇంకో తీరు. మొదటి నెలంతా కళ్ళింత చేసుకుని విన్నారు. తర్వాత ఒక్కొక్కరే మూగనోము పట్టారు. ఒకరోజు ఐదో తరగతిలో, ఇవాళ ఏ వారం అని అడిగాను. ముందు వరుస అబ్బాయి లేచి ట్యూస్‌డే అన్నాడు. ఆ రోజు మంగళవారమే. నేను సంతోషంగా తల ఊపాను. వాడు తడబడి వెన్స్‌డే అన్నాడు. ఇదేంటని నేను చూస్తుంటే థర్స్‌డే అన్నాడు. అలా ఆదివారం దాకా పోయి, ఎర్రబడ్డ చెవులతో కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండింది. సరైన జవాబు చెప్పి దాని మీద నిలబడరేం వీళ్ళు, ఇంత మెతక పిల్లల్ని ఎక్కడా చూడలేదు అనుకున్నాను. మా బాబుపేట్ పిల్లలైతే తప్పు చెప్పి కూడా దబాయిస్తారు.

వానాకాలం మొదలయ్యేసరికి తల్లిదండ్రుల నుంచి మాట వచ్చింది. పిల్లలు ఇంటికి వెళ్ళి ఇంగ్లీషు అంటే భయమేస్తోంది అంటున్నారట. ఇండియా టీచరు యాస వల్లనేమో, పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళను తీసుకోవచ్చు కదా అని కొందరు తల్లులు అడిగారట. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, ఆకుపచ్చ టీ ఇచ్చి, ఎంతో మర్యాదగా విషయం చెప్పాడు. ఆయన కొరియన్‌లో చెప్పింది నా తోటి టీచరు ఫోన్లో చూపించింది. సెలవుల తర్వాత, శరదృతువులో, తల్లిదండ్రులు వచ్చి కూర్చుని చూసే క్లాసు ఒకటి ఉంటుంది. అది అయ్యాక, వచ్చే ఏడు నన్ను ఉంచుకోవాలా వద్దా అన్నది తేలుస్తారు.

ఏడాది తిరక్కుండా పెట్టె పట్టుకుని బాబుపేట్ చౌక్‌లో దిగితే ఆ ఫ్లెక్సీ ఇంకా అక్కడే వేలాడుతూ ఉంటుంది, మా వాళ్ళు చినిగేదాకా దేన్నీ దించరు. అది ఒక సిగ్గు. దాన్నైనా భరించవచ్చు. నాకు వచ్చిన విద్య ఒకటే, పాఠం చెప్పడం. అది కూడా రాదని తేలిపోతే ఇక నేనేంటి అన్నది నన్ను తినేసింది. ఎన్నిసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నా నా తప్పు ఎక్కడుందో కనపడలేదు.

సెలవులకు ఇంటికి బయల్దేరేముందు నా తోటి టీచరు ఎప్పటిలాగే ఫోన్లో రాసి ఒక సంగతి చెప్పింది. వాళ్ళ గుడివాళ్ళు కొందరు బుద్ధుడి స్థలాలు చూడటానికి మన దేశం వస్తున్నారు, తనూ వస్తోంది, అజంతా చూసి నాగపూర్‌లో దిగుతారు, అక్కడ రెండు రోజులు ఖాళీ. అయ్యో, మా ఇల్లు అక్కడికి దగ్గరే, తప్పకుండా రండి అన్నాను. మనం బస్సులో పక్క సీటువాళ్ళను కూడా ఇంటికి రమ్మంటాం. ఎవరూ రారు, రాలేదని ఎవరూ అనుకోరు. ఆమె మాత్రం అక్కడికక్కడే ఫోను తీసి, ఏ రైలుకు రావాలి అని అడిగింది. ఇక తప్పదు. నన్ను వద్దనుకుంటున్న మనిషిని పిలిచి మరీ ఇంట్లో కూర్చోబెట్టి గారెలు పెట్టాలి. అన్న మాట ప్రకారం నాగపూర్ వెళ్ళి, రైల్లో వెంటబెట్టుకుని వచ్చాను.

ఆగస్టు వాన. రోడ్డంతా బొగ్గు లారీల నల్ల బురద. మా అమ్మ కుర్చీని కొంగుతో తుడిచి, మళ్ళీ తుడిచి కూర్చోబెట్టింది. అమ్మకు ఇంగ్లీషు ముక్క రాదు, ఆమెకు తెలుగు రాదు. ఐనా మధ్యాహ్నం అయ్యేసరికి ఇద్దరూ వంటింట్లో పీటలేసుకుని కూర్చున్నారు. అమ్మ గారెలకు మక్కలు, అంటే మొక్కజొన్నలు, రుబ్బుతుంటే ఆమె పచ్చిమిర్చి, ఎల్లిపాయలు రోట్లో దంచింది. అమ్మ ఆ ఠేచా ముద్దను రొట్టెకు రాసి ఇస్తే కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నా ఆపకుండా తిన్నది. ఈమె మనామెనే, యాడనో తప్పిపోయి అక్కడ పుట్టింది అని తేల్చేసింది అమ్మ.

బాపు మొదటి షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో కూర్చున్నాడు. రేకుల మీద వాన మోత. బాపు ఇంగ్లీషు గనిలో పుట్టింది. బోర్డుల మీది మాటలు, ఆఫీసర్ల నోటి నుంచి రాలిన మాటలు ఏరుకుని తెచ్చుకున్న భాష. దాంతో ఆయనకు ఎవరి ముందూ బెరుకు లేదు. "మేడం, సిట్ సిట్. టీ హాట్, గారె హాట్," అన్నాడు. తర్వాత తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, "ఐ, కోల్ మైన్. డౌన్, డౌన్. ఫుల్ డార్క్," అని చెప్పి, దీపం ఇక్కడుంటుందని నుదురు తట్టి చూపించాడు. నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఎమ్మే ఇంగ్లీషు కూతురు పక్కనుండగా ఈయన ఇలా మొదలుపెట్టాడేం అనుకుంటున్నాను.

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. సంచి వైపు, ఫోను వైపు చూడలేదు. "మా నాన్న కూడా," అంది ఇంగ్లీషులో.

ఆపైన ఆమె మాట్లాడింది విని నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. ఒక్కొక్క మాట వెతుక్కుంటూ, తప్పులు దొర్లితే దొర్లనీ అన్నట్టు, బాపు మొహంలోకి చూస్తూ చెప్పింది. మా బడి ఉన్న ఊళ్ళో ఒకప్పుడు అంతా బొగ్గుగనులే. వాళ్ళ నాన్న గనిలో పనిచేసేవాడు. గనికి వెళ్ళేవాళ్ళ చెప్పులను గుమ్మం దగ్గర ఇంటి లోపలి వైపు చూసేలా పెట్టేవాళ్ళట ఆడవాళ్ళు, మనిషి తిరిగి ఇంట్లోకే రావాలని. చిన్నప్పుడు ఆ చెప్పులు తిప్పిపెట్టే పని తనదే. నేను తెలుగులో చెబుతుంటే అమ్మ గారెలు వేయించడం ఆపి వచ్చి నిలబడింది. "మనం ఎనుక నుంచి పిలువం, ఆళ్ళు చెప్పులు తిప్పుతరు. గంతే బిడ్డా," అంది.

వాళ్ళ నాన్న ప్రతిరోజూ తిరిగి వచ్చాడట. గనే మూతపడింది. కానీ అప్పటికే ఊపిరితిత్తుల నిండా దుమ్ము. ఆమె కాలేజీలో ఉండగా, దగ్గి దగ్గి పోయాడట. ఆ మాట చెబుతూ ఆమె బాపును చూసింది. బాపు మొదటి నుంచీ వింటూనే ఉన్నాడు. సగం మాటలు అర్థమయ్యాయో లేదో గానీ అసలు సంగతి మొత్తం అర్థమైంది. తోటి గనివాళ్ళలో దగ్గుతూ పోయినవాళ్ళు ఆయనకు చాలామంది తెలుసు. ఆయన కళ్ళల్లో నీళ్ళు నిండాయి. తల మాత్రం ఆ భుజం నుంచి ఈ భుజానికి మెల్లగా ఊగుతూనే ఉంది.

ఆమె ఆగిపోయింది. బాపు కళ్ళను చూసింది, తలను చూసింది, మళ్ళీ కళ్ళను చూసింది. నా వైపు వంగి, చిన్న గొంతుతో ఇంగ్లీషులోనే అడిగింది.

"మీ నాన్నగారు ఎందుకు కాదంటున్నారు? నేను తప్పుగా చెప్పానా?"

"కాదనడం లేదు," అన్నాను. "అవునంటున్నాడు. మీరు చెప్పే ప్రతి మాటకూ అవునంటున్నాడు."

ఆమె బాపు తల ఊపును మళ్ళీ ఒకసారి చూసింది. రేకుల మీద వాన కొడుతూనే ఉంది. తర్వాత నన్ను సూటిగా చూసి, "మరి మీరు? క్లాసులో?" అంది.

నా చేతిలో గారె అలాగే ఉండిపోయింది. క్లాసులో నేను ఏం చేస్తానో నాకు నేనే మొదటిసారి కనపడ్డాను. మా బళ్ళలో టీచర్లు నోటితో మెచ్చుకోవడం తక్కువ. ఎదురుగా పొగిడితే పిల్లలకు దిష్టి అని ఇంట్లోనూ అనరు. జవాబు సరిగ్గా చెబితే టీచరు తల అలా ఆ పక్కకూ ఈ పక్కకూ ఆడిస్తుంది, ఆ ఒక్క ఊపుకు మేం రోజంతా పొంగిపోయేవాళ్ళం. నేనూ అదే చేశాను. నా పిల్లలు సరైన జవాబు చెప్పిన ప్రతిసారీ మనస్ఫూర్తిగా తల ఊపాను. వాళ్ళ దేశంలో తల పక్కలకు తిరిగితే కాదు అనే. మంగళవారం అన్న పిల్లాడికి నేను కాదన్నాను. పాపం, వాడు ఆదివారం దాకా వెతుక్కుంటూ పోయాడు. వసంతం ఆలస్యంగా వస్తుందని చక్కటి వాక్యం చెప్పిన ఈమెకూ, ఏళ్ళ తర్వాత ధైర్యం చేసి నోరు తెరిచిన మొదటిసారే, పిల్లలందరి ముందు, కాదు తప్పు అని చెప్పాను. గంగిరెద్దులా తల ఊపి ఒక బడి మొత్తాన్ని మూగది చేశాను.

ఏమైందని బాపు అడిగాడు. చెప్పాను. ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నాడు. "ఓసి నీ చదువు. గీ మాత్రం దానికి ఇన్ని దినాలు ఏడ్సినవా?" అన్నాడు. అమ్మ నవ్వలేదు. పాపం ఆ పిల్లలు అంది. బిడ్డకు వంట నేర్పి పంపినం, బట్టలు కుట్టుడు నేర్పి పంపినం, తల ఊపుడు గూడ నేర్పి పంపాల్నని మాకేమెరుక అని తనను తాను తిట్టుకుంది.

నేను నవ్వాను, ఏడ్చాను కూడా. నా తోటి టీచరు మాత్రం కుర్చీ దిగి నేల మీద మోకాళ్ళు మడిచి కూర్చుంది. రెండు చేతులూ ముందు ఆనించి నా ముందు తల వంచింది. అమ్మ హడలిపోయి లేవక్కా, లేవక్కా అంటూ భుజాలు పట్టుకుంది. అప్పుడు చెప్పింది ఆమె. సెలవులకు ముందు ప్రిన్సిపాల్ అడిగితే, ఈ ఇండియా టీచరుకు మన ఇంగ్లీషు నచ్చదు, పిల్లలు తప్పు చేస్తామని భయపడుతున్నారు, వచ్చే ఏడు ఇంకొకరిని చూడటం మంచిది అని తనే అందట. తల్లులు అడిగిన దానికంటే ఆ మాటే గట్టిది. అంత పెద్ద టీచరు అన్న మాటను వాళ్ళ దేశంలో ఎవరూ కాదనరు. ఆమెకు కూడా దాన్ని వెనక్కి తీసుకోవడం తేలిక కాదు. నాకు ఆమె మీద కోపం రావాలి. రాలేదు. ఆమె స్థానంలో నేనుంటే ఇంకా ముందే చెప్పి ఉండేదాన్ని, అదీ నాలుగు మాటలు కలిపి.

మర్నాడు పొద్దున బాపు ఆమెను అటుకుల పోహా బండి దగ్గరికి తీసుకెళ్ళాడు. పోహా మీద ఎర్రగా తర్రి పులుసు పోయించుకుని తినకపోతే మా ఊరు చూసినట్టు కాదు. బండాయన ఇంకొంచెం పోయాలా అని సైగ చేశాడు. ఆమె తల పక్కలకు ఊపింది. ఆయన ధారగా పోశాడు. ఆమెకు పట్టరాని ఆనందం. అక్కడి నుంచి రైలెక్కేదాకా దొరికినవాళ్ళందరి మీదా ప్రయోగం చేసింది. ఆటో ఆయన, మందుల షాపాయన, పక్కింటి నానమ్మ. ప్రతి ఒక్కరూ తల ఊపారు, ఆమె తిరిగి ఊపింది. ఒక్కొక్కరి ఊపును చూపించి ఇది అవునా, సరేలేనా, చూద్దామా అని నన్ను అడిగేది. మనకు అన్ని రకాలున్నాయని నాకూ అప్పుడే తెలిసింది.

సెలవులయ్యాక మొదటి క్లాసులో పాఠం చెప్పలేదు. నా దేశంలో అవును ఇలా ఉంటుంది అని తల ఊపి చూపించాను. పిల్లలు మొదట గుడ్లప్పగించి చూశారు. మంగళవారం కుర్రాడే అందరికంటే ముందు తేరుకున్నాడు. వాడి మొహం చూడాలి. అన్యాయంగా జైల్లో వేసిన మనిషిని వదిలినట్టు వెలిగిపోయింది. తర్వాత క్లాసు క్లాసంతా తలలు ఊపడమే. ఎవరు జవాబు చెప్పినా ఇరవై తలలు ఊగేవి. నేను కూడా నోటితో మెచ్చుకోవడం నేర్చుకున్నాను. ముందు సిగ్గనిపించింది, తర్వాత అలవాటైంది. ఇప్పుడు చంద్రాపూర్‌లోనూ మానలేదు. దిష్టి తగిలిన పిల్లలు ఇంతవరకు ఎవరూ కనపడలేదు.

నా తోటి టీచరు క్లాసులో ఇంగ్లీషు మాట్లాడటం మొదలుపెట్టింది. తప్పులు దొర్లేవి. నాకూ దొర్లేవి. ఇద్దరం పిల్లల ముందే ఆగి, ఇది ఇలా అనాలా అలా అనాలా అని వాదించుకునేవాళ్ళం. పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవాళ్ళ ముందు ఆమె ఎప్పుడూ నోరు విప్పలేదట. మా ఇంటి వరండాలో బాపు ఇంగ్లీషు విన్నాక, ఈ మాత్రం దానితో మనిషి మనసు విప్పి మాట్లాడవచ్చని అనిపించిందట. ఆ మాట బాపుకు ఫోన్లో చెబితే, ఆయన వారం రోజులు షిఫ్టులో అందరికీ చెప్పుకున్నాడు. ఆయనకు రుణపడ్డంతగా నేను ఇంకెవరికీ పడలేదు. ఆ రోజు ఆయన నోరు మూసుకుని కూర్చుంటే బాగుండునని నేను కోరుకున్నాను మరి.

తల్లిదండ్రుల క్లాసు రోజు కొండలన్నీ ఎర్రటి ఆకులతో ఉన్నాయి. తల్లులు గది వెనక వరుసగా నిలబడ్డారు. పిల్లలు కూరగాయల అంగడి పెట్టి ఇంగ్లీషులో బేరాలాడారు. ఒక పిల్ల తన తల్లినే పిలిచి ముల్లంగి అమ్మింది. తగ్గించమంటే కుదరదంది. గది నవ్వులతో నిండిపోయింది. నేను గోడకు ఆనుకుని చూస్తున్నాను. ఇక వీళ్ళు నన్ను ఉంచినా పంపినా నాకు వచ్చిన విద్య నా దగ్గరే ఉంది అనిపించింది. అంత హాయి చాలా నెలల తర్వాత అదే.

ఐనా ఆ సాయంత్రం సమావేశం గదిలోకి వెళుతుంటే చౌక్‌లోని ఆ ఫ్లెక్సీ గుర్తొచ్చింది. ప్రిన్సిపాల్, టీచర్లు, తల్లుల తరఫున ఇద్దరు. ఎప్పటిలాగే మాటలన్నీ కొరియన్‌లో. నేను పిలవని పేరంటానికి వచ్చినట్టు మూల కుర్చీలో నవ్వు మొహం పెట్టుకుని కూర్చున్నాను. నా పేరు మాత్రం మధ్యమధ్య వినపడుతోంది. ఒక తల్లి ఏదో అడిగింది. ప్రిన్సిపాల్ నా తోటి టీచరు వైపు తిరిగాడు.

ఆమె లేచి నిలబడింది. కుర్చీ వెనక భాగాన్ని రెండు చేతులా పట్టుకుంది. ఇంగ్లీషులో మొదలుపెట్టింది. జులైలో ఈ టీచర్ గురించి నేనొక మాట అన్నాను, ఆ మాట తప్పు, అంది. తోటి టీచర్లు తలలెత్తి చూశారు. ఇన్నేళ్ళలో ఆమె వాళ్ళ ముందు ఒక్క ఇంగ్లీషు వాక్యం మాట్లాడలేదు. సగం మందికి అది అర్థమవుతుందో లేదో కూడా తెలియదు. ప్రిన్సిపాల్ నెమ్మదిగా చెయ్యెత్తి ఏదో అన్నాడు. కొరియన్‌లో చెప్పమంటున్నాడని, అప్పుడే అందరికీ తెలుస్తుందని అంటున్నాడని, ఆ చేతిని బట్టి నాకూ తెలిసిపోయింది.

ఆమె ఆయనకు తల వంచి నమస్కారం చేసింది. కానీ భాష మార్చలేదు.

"మీకు తర్వాత చెబుతాను," అంది. "ఇది ముందు ఆమెకు అర్థం కావాలి."

ఆ గదిలో నా గురించి ఎవరైనా మాట్లాడిన మాట నాకు అర్థం కావడం అదే మొదటిసారి.